కళ్లకద్దుకున్న గజ్జెలు

హిమజకు జ్వరం వచ్చింది. నాట్యం నేర్చుకోవడానికి ట్రస్టువాళ్లిచ్చే గ్రాంటు ఆగకూడదంటే, వాళ్లు పంపిన మాట్లాడే గజ్జెలతో రోజూ గంటసేపు సాధన చేయాలి.

ఆరేళ్లుగా గుమ్మంలో కూర్చుని మనవరాలి పాఠాలన్నీ విన్న సుభద్రమ్మ, గజ్జెలను కళ్లకద్దుకుని తన కాళ్లకే కట్టుకుంది. అడుగులు వేస్తూనే పప్పుకు తాలింపు పెట్టింది.

గంట పూర్తవగానే గజ్జెలు నెమ్మదిగా అన్నాయి. "మీరు హిమజ కాదు కదండీ?"

సుభద్రమ్మ గతుక్కుమంది. "అడుగు తప్పిందా?"

"లేదండీ. కట్టుకునే ముందు కళ్లకద్దుకున్నారు. హిమజ ఏనాడూ అద్దుకోలేదు."

మంచం మీద హిమజ దుప్పటి ముసుగేసుకుంది.

"అయితే జ్వరమొచ్చిన పిల్లకి గ్రాంటు ఆపేస్తారా?"

"జ్వరానికి సెలవుందండీ. ఇక విప్పేయండి."

సుభద్రమ్మ విప్పలేదు. "ఉండవే, ఇంకా చారు కాయాలి" అంటూ మళ్లీ అడుగు మొదలుపెట్టింది.