రెండు సర్కార్ల లెక్క

"మళ్ల చదువు ఎలిశిబా, హిందుస్తాన్‌ది ఎంతంటివి?"

పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ కేకేశాడు సొలొమోను. రొట్టె ఒక పక్క మాడింది, ఇంకో పక్క పచ్చిగానే ఉంది. మిషన్ బడిలో లెక్కల పంతులే గానీ, వంట ఆయన ఈ మధ్యే మొదలుపెట్టిన విద్య.

1948 ఆగస్టు. సరిహద్దుకు అవతల హిందుస్తాన్, ఇవతల నిజాం రాజ్యం. మెదక్ చర్చి కాంపౌండులోని ఆ ఇంట్లో మాత్రం నెలరోజులుగా ఒకటే రంధి. కాలేజీ చదువుల మీద ఏ సర్కారు ఎక్కువ ఖర్చు పెడుతోంది?

"సర్కారు పెట్టకుంటే మనం పెట్టాలె. మనతాన ఏముంది?" అనేవాడు సొలొమోను. "ఎవరు ఎక్కువ పెడ్తరో ఆడికే పంపుడు."

కర్నూలు చుట్టాలు చాటుగా పంపిన మద్రాసు పత్రికలు బియ్యం కుండలో ఉండేవి. రజాకార్ల కంట పడితే ఇల్లు సోదా చేస్తారు. భార్య ఎలిశిబా వాటిని తీసి, ఇంగ్లీషు గడగడా చదివి అంకెలు చెప్పేది. పద్నాలుగేళ్ల కూతురు నవోమి పలక మీద వేసేది.

మొదటి వారం నిజాం సర్కారు గెలిచింది.

"నాయినా, ఇవి నిజాం హాలీ రూపాయలు, అవి హిందుస్తాన్ కల్దార్లు. రెండూ ఒక్కటెట్లయితయ్?" అంది నవోమి.

సొలొమోను నాలుక కరుచుకున్నాడు. మార్చి చూస్తే హిందుస్తాన్ గెలిచింది.

పక్కింటి వకీలు వెంకట్రాములు వచ్చి అదీ చెడగొట్టాడు. "గంత పెద్ద దేశానికి, గింత రాజ్యానికి పోటీ ఏంది సారూ? తలకు ఎంతో చూడాలె!"

తలలు లెక్కేస్తే నిజాం సర్కారు మళ్లీ ముందుకొచ్చింది.

"ఈడ కాలేజి చదువంతా ఉర్దూల. మద్రాసుల ఇంగ్లీషు," అని ఎలిశిబా నెమ్మదిగా గుర్తుచేసింది. "గని మద్రాసు మస్తు దూరం. తోవల ఎట్లుంటదో ఏమో, తలుసుకుంటేనే భయమైతది."

"ఆమె చెప్పింది నిజమే," అన్నాడు వెంకట్రాములు. "ఆడమనిషిని పరదేశం పంపుతవా? లోకం ఏమంటది?"

"లోకం నా రొట్టెలు తిన్నంక ఏమంటదో గదే అంటది," అన్నాడు సొలొమోను. అందరూ నవ్వారు. వెంకట్రాములు మాత్రం మాడిన ముక్కను మర్యాదగా నమిలాడు.

సెప్టెంబరులో హిందుస్తాన్ పటాలాలు కదిలాయని తెలిసింది. బజారు మూతపడింది. తలుపులు బిడాయించుకున్న ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఉర్దూ చదువుల ఖర్చు తీసేసి మళ్లీ లెక్క సాగింది. అయిదో రోజు సాయంత్రం సొలొమోను కాగితం కింద రెండు గీతలు కొట్టాడు.

"తేలింది! మద్రాసే! వచ్చే ఏడుకు గాడికే."

అంతలో తలుపు దబదబ మోగింది. చెప్పులు కూడా లేకుండా వెంకట్రాములు.

"సారూ, రేడియోల చెప్పిన్రు! నిజాం లొంగిపోయిండు. లడాయి అయిపోయింది!"

"అయితే?"

"అయితే ఏంది! ఇంక రెండు దేశాలెక్కడియి? నీ లెక్క మొత్తం పాయె!"

సొలొమోను కాగితం వైపు చూశాడు. ఇన్నాళ్ల కష్టం. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పోనీ వకీల్ సాబ్! మద్రాసు పరదేశం కాదు గద ఇంక! అడ్డుకట్ట పోయింది, తోవ తెరుచుకుంది."

వీధిలో జనం కేకలు వినిపిస్తున్నాయి. ఎలిశిబా తడిసిన కళ్లను కొంగుతో తుడుచుకుంది.

"ఏడువకు," అన్నాడు సొలొమోను. "మూడేండ్లు ఎంతసేపు? సెలవులకు రానే రావచ్చు."

"గని ఇల్లు..."

"ఇల్లు యాడికి పోతది? నవోమీ, కాలేజి కాగితం తీయి బిడ్డా. నీ దస్తూరి మంచిగుంటది, నువ్వే నింపు."

నవోమి కలం సిరాలో ముంచింది. ముగ్గురూ ఆమె భుజం మీదుగా వంగి చూశారు.

'విద్యార్థిని' అన్నచోట ఆమె అమ్మ పేరు రాసింది.