గూన ఇంటి మీద చాడీలు

"చూసుకొని రాండ్రి సారూ, నెత్తికి తాకుతది!"

సారయ్య అరిచేలోపే కారు దిగిన పెద్దమనిషి దర్వాజ దగ్గర ఒడుపుగా వంగి లోపలికి వచ్చేశాడు. వెనకాలే చేతిసంచితో మేడం. సారయ్య మనసు చివుక్కుమంది. నాలుగు తరాలుగా చుట్టాలందరికీ బొప్పి కట్టించిన దర్వాజ, ఇవాళ అవసరమైనప్పుడు మాత్రం పనిచెయ్యలేదు.

మల్లాపూర్ దగ్గరి ఆ ఊళ్లో గూన పెంకుల భవంతి అదొక్కటే మిగిలింది. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ టేకు స్తంభాలు, రెండు మూరల మందం మట్టిగోడలు. పాత ఇళ్ల వివరాలు రాసుకునే సర్వేవాళ్లు ఇవాళ వస్తున్నారని పంచాయతీ నుంచి కబురొచ్చింది. వాళ్లు ఒక్కసారి రాసుకుంటే ఇక గోడకు మేకు కొట్టాలన్నా పర్మిషన్ కావాలని సారయ్యకు ఎవరో నూరిపోశారు. ఆయనకేమో ఇల్లు కూలగొట్టి స్లాబు వెయ్యాలి. ముప్పై మూడేళ్ల కొడుకు మహిపాల్‌కు వచ్చిన మూడు సంబంధాలూ ఈ ఇంటిని చూసే వెనక్కి పోయాయని ఆయన నమ్మకం. ఆయన నోటికి జడిసి పోయాయని భార్య రాధమ్మ నమ్మకం. అందుకే ఆమె సంబంధాల ముచ్చట ఆయన చెవిన పడనివ్వదు. ఇవాళ పొద్దున్నే బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది.

"అన్నా, మేము..." అని మొదలుపెట్టాడు పెద్దమనిషి.

"ఎరుకే సారూ, కబురందింది. ఇల్లే గదా? చూడుండ్రి," అన్నాడు సారయ్య.

మేడం అరుగు మీద కూర్చొని, కొంగుతో చెమట తుడుచుకుంది. "ఎంత సల్లగున్నది! ఫ్యానే అక్కెర లేదు."

సారయ్య గబుక్కున అడ్డుపడ్డాడు. మెచ్చుకుంటే కొంప మునిగినట్టే.

"ఏం సల్లదనమమ్మా! చలికాలం కాళ్లు కొంకర్లు పోతయి. వానకాలం వాకిట్ల మోకాలు మట్టం నీళ్లు. నాట్లెయ్యొచ్చు."

పెద్దమనిషి స్తంభాన్ని తట్టి చూశాడు. "టేకేనా?"

"పైకి టేకే. లోపల చెదలు. ఈ ఇంటిని ఇప్పుడు గా చెదలే మోస్తున్నయి."

నిజానికి ఆ స్తంభంలో గునపం కూడా దిగదు.

మేడం అరుగు మీది నుంచే వంటింట్లోకి తొంగిచూసింది. "బాత్రూం ఏడ అన్నా?"

"పెరట్ల. పోవాలంటే చేతిల కట్టె ఉండాలె. తేళ్లు. మొన్న గీ గూట్లెకెల్లి పామొకటి వెళ్లింది," అని సారయ్య చేతులు చాపి పొడవు చూపించాడు. చేతులు చాలక, ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా నడిచి చూపించాడు.

మేడం కాళ్లు పైకి ముడుచుకుంది. పెద్దమనిషి మాత్రం పట్టు విడవలేదు. "ఇంటిదేముంది, చూసుకునేటోళ్లుంటే ఇంకో వందేండ్లుంటది. మీ కొడుకున్నడట గదా?"

ఇదీ అసలు గండం. చూసుకునేవాడు ఉన్నాడంటే ఇల్లు నిలబెట్టమంటారు. సారయ్య కొడుకును కూడా బలివ్వడానికి సిద్ధపడ్డాడు.

"వాడా? జగిత్యాలల మొబైల్ షాపు. ఇంటి దిక్కే చూడడు. జర సున్నమెయ్యరా అంటే, మందుకే చాలుతలేదు బాపూ అంటడు. కోపమస్తే మనిషి కాడు. గా తలుపు చూడుండ్రి, వాడు తన్నిందే!"

మహిపాల్ చాయ్ కూడా తాగడు. ఆ తలుపును పగలగొట్టింది పోయినేడు అమ్మేసిన ఎద్దు.

పెద్దమనిషీ మేడమూ ముఖాలు చూసుకున్నారు. సారయ్యకు హుషారొచ్చింది. మూల గది తలుపు తోసి గొంతు తగ్గించాడు.

"మా అమ్మ గీ అర్రలనే పోయింది. అమాస అమాసకు అస్తది. ఇంట్ల కొత్త ఆడమనిషి కనవడ్డదా, ఇగ ఆమెకు పడదు."

మేడం అప్పటికే దర్వాజ దగ్గరుంది. పెద్దమనిషి ఈసారి వంగడం మరిచిపోయి టంగుమని తగిలించుకున్నాడు. ఇద్దరూ "పోతం" అన్నారే గానీ "పోయొస్తం" అనలేదు. సారయ్య తెచ్చిపెట్టిన మంచినీళ్లు చెంబులో అలాగే ఉన్నాయి. కారు దుమ్ము రేపుకుంటూ పోతుంటే సారయ్య మీసం దువ్వుకున్నాడు.

కాసేపటికి రాధమ్మ వచ్చింది.

"ఎల్లగొట్టిన!" అన్నాడు సారయ్య. "మల్ల గీ గడప తొక్కరు."

"ఎవలను?"

"ఇంకెవలను, సర్వేవాళ్లను."

"వాళ్లు ఇంకా పంచాయతీ కాడనే చాయ్ తాగుతుండ్రు. ఇప్పుడే చూసి అస్తున్న."

సారయ్య చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. "మరి కారుల అచ్చి ఇల్లంత చూసిపోయిన ఆలుమగలెవలు?"

రాధమ్మ చేతిలోని సంచి జారి కింద పడింది.

"పిల్ల అమ్మానాయిన అప్పుడే అచ్చి పోయిండ్రా?"