మంద మీది మాట

మూడో గొర్రె తల తెగి గోపమ్మ కాళ్ల దగ్గర పడింది.

"ఇంక ముప్పై ఏడున్నయ్," అన్నాడు సర్పంచ్ అమరేందర్, గొడ్డలికి అంటిన నెత్తురును ఆ గొర్రె బొచ్చుకే తుడుస్తూ. "రాసినోని పేరు చెప్పు కురుమయ్యా. ఆ చెయ్యి ఇక్కడ్నే నరుకుత."

సర్పంచ్ ఇంటి ముందు కురుమయ్యను మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. పెదవి చిట్లింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. అతని భార్య గోపమ్మ పక్కనే గుండెలు బాదుకుంటోంది.

పొద్దున ఈ పెద్దమనిషే బడి దగ్గర జెండా ఎగరేశాడు. గణతంత్ర దినం కదా! గరీబోడైనా ఎవరి గురించైనా నిర్భయంగా మాట్లాడే హక్కు మన రాజ్యాంగం ఇచ్చిందని ఉపన్యాసం దంచాడు. జనం చప్పట్లు కొట్టారు. అంతలో కురుమయ్య మంద, రోజూ వాగుకు పోయే దారినే, బడి ముందు నుంచి పోయింది. అన్నీ తెల్ల గొర్రెలు. ఒక్కోదానికి ఒక పక్క 'వాగుల విషం', రెండో పక్క 'పోయించింది అమరేందర్' అని ఎర్రగా రాసి ఉంది.

మందలు కలిసిపోకుండా గొర్రెల మీద ఎర్ర జాజుతో గుర్తు పెట్టడం కురుమలకు మామూలే. అక్షరాలు పెట్టడం మాత్రం ఊరు ఎన్నడూ చూడలేదు. పిల్లలు గొంతెత్తి చదివారు. పెద్దలు కడుపు పట్టుకుని నవ్వారు. కంపెనీ ట్యాంకర్లు వాగులో ఏం పారబోస్తున్నాయో, ఎవరి అండతో పారబోస్తున్నాయో అందరికీ తెలుసు. అనే ధైర్యమే లేదు. మధ్యాహ్నానికి ఆ వీడియో జిల్లా అంతా తిరిగింది.

"నేనే రాసిన పటేలా," అన్నాడు కురుమయ్య.

అమరేందర్ నవ్వాడు. "వేలిముద్రగానివి, నువ్వు రాసినవా? ఏదీ, గీ మట్టిల నా పేరు రాయి!"

అతని మనిషి దివాకర్ ఒక పుల్ల చేతికిచ్చాడు. కురుమయ్య ఒక వంకర గీత గీసి ఆగిపోయాడు. దివాకర్ వీపు మీద తన్నాడు.

"మంద కొత్తోన్ని దగ్గరికి రానియ్యది. నువ్వు పట్టుకుంటెనే నిలవడ్డయ్," అన్నాడు అమరేందర్. "రాసినోడు మీ కులపోడే. నాలుగు అక్షరాలు నేర్చినోడే. వాని పేరు చెప్పు."

నాలుగో గొర్రెను ఈడ్చుకొచ్చారు. అది చూడిది.

"అది వద్దు పటేలా! కడుపుతోని ఉన్నది, నీ కాళ్లు మొక్కుత!" అని ఏడ్చి, గోపమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. "చెప్పవయ్యా! ఎవడైతే నీకేంది? మన బతుకయ్యా ఇది!"

ఆమెకు ఆ పేరు తెలియదు. రెండు రోజులు అక్క ఇంట్లో ఉండి ఆ పొద్దుటే ఊళ్లోకి వచ్చింది. తెలిసుంటే ఒట్టు, ఎప్పుడో చెప్పేసేది.

గొడ్డలి దిగింది. తల తెగినా కడుపు ఇంకా కదులుతూనే ఉంది.

అప్పుడే బయటి నుంచి స్కూటీ వచ్చి ఆగింది. అమరేందర్ కూతురు వర్షిత. హైదరాబాద్‌లో చదువుకుంటూ సెలవుకు వచ్చిన పిల్ల. నెత్తురు చూసి బండి వదిలేసి పరుగెత్తింది.

"డాడీ, ఆపు! జర నా మాట విను!"

గోపమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఇంట్లో మనిషి పుట్టుక పుట్టింది ఈ పిల్ల ఒక్కతే అనుకుంది. మొగుడికి ఏం పుట్టిందో గాని, ఆ పిల్ల మీదికే లేచాడు.

"నోర్ముయ్ పిల్లా! తండ్రి నరుకుడు, బిడ్డ ఓదార్చుడా? మీ దయ మాకద్దు. లోపలికి పో!"

నోటికాడి కూడును కాలదన్నుకోవడమంటే ఇదే.

"నా వాకిట్ల నా బిడ్డనే అంటవా!"

అమరేందర్ గొడ్డలిని మొద్దు వైపుకు తిప్పాడు. కురుమయ్య కుడిచేతిని బండ మీద పెట్టించి మూడు దెబ్బలు వేశాడు. ఎముకలు విరిగిన చప్పుడు గోపమ్మ విన్నది. దివాకర్ ఆ పిల్లను లోపలికి ఈడ్చుకుపోయి గొళ్లెం పెట్టాడు.

స్పృహ తప్పినవాణ్ణి కొట్టి లాభం లేదని కాబోలు, అంతటితో వదిలేశారు.

ఆటో పానగల్ దాటి నల్లగొండ దవాఖాన దిక్కు పోతుండగా కురుమయ్య కన్ను తెరిచాడు. నుజ్జయిన చేతిని గోపమ్మ కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. అయినా కోపం ఆగలేదు.

"నాలుగు జీవాలు పాయె. చెయ్యి పాయె. ఎవని చెయ్యి కాపాడనీకి నీ చెయ్యి ఇచ్చినవయ్యా?"

కురుమయ్య ఆటో నడిపే అతని వైపు చూశాడు. పాటలు పెద్దగా మోగుతున్నాయి. ఆమె చెవి దగ్గరికి నోరు తెచ్చాడు.

"గొర్రెల మెడలు పట్టింది నేను, జాజుతోని రాసింది వర్షిత."