మేరామ తల్లికి అర్జీ

మేరామ తల్లీ, ఇది జమ్లీ చెప్పి రాయిస్తున్న అర్జీ. చెవులుంటే విను.

గార్ల దగ్గరి మా తండాలో ఎవరు పోయినా వాళ్ల కష్టాలన్నీ పాటగా కట్టి నీకు వినిపించేది నేనే. బతికున్నవాళ్ల మీద ఆ పాట కట్టకూడదు. కడితే మనమే సాగనంపినట్టు.

నా మనవరాలు సుమకు కిడ్నీలు పోయాయి. దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. "నా పాట నేనున్నప్పుడే పాడవే అవ్వా, పోయినంక నాకేం వినపడ్తది?" అని వారం నుంచి సతాయిస్తోంది. నేను పాడను. నీతోనే తేల్చుకుంటాను.

ఈ పిల్ల నీకేం చేసింది? తల్లి లేకుండా పెరిగింది. కూలికి మిరపకాయలు ఏరుతూనే డిగ్రీ చదివింది. ఇప్పుడు రోజుకు రెండు గ్లాసుల నీళ్లే తాగాలట. దాహమైతే తడిగుడ్డ చప్పరిస్తోంది. నువ్వు మాత్రం బిందెలకొద్దీ నీళ్లు పోయించుకుంటున్నావు.

ఇంతవరకు రాసి సుమ పెన్ను ఆపింది.

"అవ్వా, నా పాట కట్టినవ్ గదనే."

"చింపెయ్యి బిడ్డా" అన్నాను.

అదీ రాసేసింది.