సీసాలో నల్ల బురద

వేదిక సీసా మూత తీయగానే కుళ్లిన గుడ్ల కంపు ఇల్లంతా కొట్టింది. తల్లి వకుళాదేవి కొంగుతో ముక్కు మూసుకుంది.

"ఛీ! స్వామికి వండే ఇంట్లోకి ఆ నల్ల బురద ఎందుకు తెచ్చినావే?"

తిరుపతి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న వేదిక తల ఎత్తలేదు. "ఇందులో బ్యాక్టీరియా ఉండాయమ్మా. పాత కంప్యూటర్లు కాలిస్తే బ్రోమిన్ విషం నేలలోకి దిగతాది. దాన్ని విరగ్గొట్టి బతికేవి ఇవి. ఆ విషం లేనిచోట ఇంతగా పెరగవు."

"ఇంత అసహ్యాన్ని యాడ నుంచి ఎత్తుకొచ్చినావు?"

"మన బావి అడుగు నుంచి."

వకుళాదేవి పక్కింటి వైపు చూసింది. ఆ పొద్దున పూజ కాగానే, ఆ బావి నీళ్లనే తీర్థమని పక్కింటి నిండు గర్భిణి చేత తానే తాగించింది.