పిడికి తొడిగిన పైపు

గుడియాత్తం దాటగానే షేర్ ఆటో చక్రంలో గాలి పోయింది.

సరసమ్మ గుండెల్లో రాయి పడింది. పక్కనున్న మనవరాలు హేమప్రియకు ఈ పొద్దే వేలూరు సత్తువాచారిలో పరీక్ష. బడి బస్సు నడిపే పని. ఆలస్యమైతే గేటు మూసేస్తారు.

ఆటో నడిపే విఘ్నేష్ స్పానర్ తగిలించి లాగాడు. నట్టు కదల్లేదు. ఎక్కి తొక్కాడు. ఊహూ.

"ఎగరొద్దప్పా, పిడి పొట్టిది. పొడుగు చెయ్యి," టీకొట్టు బల్ల మీదినుంచి ఒక పెద్దాయన అన్నాడు.

సరసమ్మకు ఒళ్ళు మండింది.

"కూర్చోని చెప్పేదానికేం! లేచొచ్చి ఒక పట్టు పట్టగూడదా?"

"నేను లేస్తే ఈ పని కాదమ్మా," అని నవ్వాడాయన. పక్కనున్న ఇనప పైపు తీసి, కొసనున్న రబ్బరు బిరడా పీకి, హేమప్రియకు అందించాడు.

"పిడికి తొడుగు పాపా. చివర పట్టుకో."

హేమప్రియ తొడిగి, చివర పట్టుకొని నొక్కింది.

నట్టు కిర్రుమని తిరిగింది.

"పుల్లలాగుండావు, ఇంత బలం యాడిదే నీకు?"

"బలం పాతదే అవ్వా. నట్టుకు ఎంత దూరంగా పట్టుకుంటే అంత సులువుగా తిరుగుతాది."

దూరమంటే సరసమ్మకు భయం. దూరం పోయినవాళ్ళెవరూ ఆమెకు మళ్ళీ దొరకలేదు. అందులోనూ ఒక మేలుందని ఈ పొద్దే చూసింది.

విఘ్నేష్ చక్రం మార్చి, సామానంతా ఆటోలో పడేసి, దౌడు తీయించాడు.

సత్తువాచారిలో హేమప్రియ బస్సును సందుల్లోంచి కూడా గీత పడకుండా తిప్పింది. యజమాని వెంకటరమణ గడ్డం గోక్కున్నాడు.

"నడిపేది సరేమ్మా. దారిలో టైరు పోతే ఎవుర్ని పిలుస్తావు?"

వెనకనున్న డ్రైవర్లు కిసుక్కుమన్నారు.

"మా అవ్వను," అంది హేమప్రియ. "అవ్వా, ఆటోలో ఆ పైపుండాదేమో చూడు!"

ఉంది! సరసమ్మ దాన్ని పైకెత్తి పట్టుకొని, చీర కుచ్చిళ్ళు దోపుకొని పరుగెత్తింది.

హేమప్రియ బస్సు స్పానర్‌కు పైపు తొడిగి, చివర వేలాడినంత పని చేసింది. బస్సు నట్టు కిర్రుమంది. నవ్విన డ్రైవర్లే ఈలలు వేశారు.

"రేపట్నించి ఈ బస్సు నీదేమ్మా," అన్నాడు వెంకటరమణ.

తిరుగుదారిలో సరసమ్మ మిఠాయి పొట్లం కొనింది. టీకొట్టు పెద్దాయనకు పైపుతో పాటు ఇదీ ఇవ్వాలి. అన్న మాటకు తప్పయిందని చెప్పాలి.

టీకొట్టు బల్ల ఖాళీగా ఉంది. దాని మీద రబ్బరు బిరడా ఒక్కటే ఉంది.

"పైపిచ్చిన ఆయప్ప యాడమ్మా?"

టీకొట్టు పొన్నమ్మ పైపును చూసి తల పట్టుకుంది.

"ఇప్పుడా తెచ్చేది! మీ బండి కదలంగానే నేను అరవబోతే ఆయప్పే నోరు మూయించినాడు. 'పాప మళ్ళీ యాడన్నా నిలబడిపోతే అక్కరకొస్తాది, పోనీ' అన్నాడు."

"యా ఊరాయన?"

"తెలీదమ్మా. ఎవరో ఇద్దరు చంకల్లో చేతులేసి ఎత్తుకోని బస్సెక్కించినారు. ఆ పైపు ఊతం లేకుంటే ఆయప్ప అడుగు కూడా వెయ్యలేడు."