ఆఖరి వాసన

"ఏదీ, ఊదు."

కోటబొమ్మాళిలో తన ఇంటి గుమ్మం ఎక్కబోతున్న సత్యరాజుకి పెళ్లాం లీలారాణి అడ్డంగా నిలబడింది. సత్యరాజు ఊదలేదు.

"సుట్ట కాల్సినావు మావా."

"సుట్ట కాదే, సెంటు! బజార్లో కొన్నాను. సాయంత్రంపూట మగోళ్లు కొట్టుకునే సెంటు."

"సెంటు సుట్ట వాసనొస్తాదేటి?"

"దీనికి మూడు వాసనలే. ముందు నిమ్మకాయ. కాసేపటికి యాలక్కాయ. అవి ఎగిరిపోయాక ఆఖర్న పొగాకు. గొప్పోళ్ల సెంట్లన్నీ ఇలాగే ఉంతాయట. సవకలో మనకీ దొరికినాది."

లీలారాణి నవ్వలేదు. ఎల్లుండి ఆదివారం సత్యరాజు చర్చిలో నిలబడి, దేవుడి దయవల్ల చుట్ట మానేశానని సాక్ష్యం చెప్పాలి. చెబితే సంఘ పెద్ద అయిపోతాడు. ముందు వరసలో కుర్చీ కూడా వేస్తామన్నారు.

"మీ అమ్మ సుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగీది. ఆ కంపులోనే కాపరం సేసినాను. నువ్వు సెప్పింది అబద్దమైతే, ఆదివారం నీ ఎనకాల నేనూ లెగిసి సాక్ష్యం సెప్తాను సూడు."

"నా మాట మీద నమ్మకం లేదేటి?"

"మాట మీద ఉన్నాది. నోటి మీదే లేదు."

మనలో మాట. సత్యరాజు చుట్ట కాల్చాడు. రైల్వే స్టేషన్ వెనక నిలబడి, తృప్తిగా కాల్చాడు. కొట్లో ఉన్న సెంట్లన్నీ వాసన చూసి, ఆఖర్న పొగాకు వచ్చేదాన్నే ఏరి మరీ కొన్నాడు. ఇంత తెలివి ఆ మనిషి ఏనాడూ పొలం మీద పెట్టలేదు.

లీలారాణి విచారణ మొదలుపెట్టింది. సబ్బుతో స్నానం చేయించింది. ఉప్పునీళ్లతో నోరు పుక్కిలింపించింది. ఉతికిన చొక్కా తొడిగించి, సెంటు తన చేత్తోనే కొట్టి, అరుగు మీద కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, మధ్యమధ్యలో వంగి వాసన చూసింది.

"నిమ్మకాయే. అంట్లు తోమే సబ్బులాగున్నాది."

సత్యరాజు హుందాగా తల ఊపాడు.

చిక్కుడుకాయలు సగం అయ్యాయి.

"యాలక్కాయ. పాయసంలో పడి లెగిసినట్టున్నావు."

"సెప్పాను గదా!"

కూర పొయ్యి మీద ఉడికి దిగింది. వీధి దీపాలు వెలిగాయి. లీలారాణి మళ్లీ వచ్చి అతని మెడ దగ్గర ముక్కు పెట్టింది. ఈసారి వెంటనే తియ్యలేదు. కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చింది.

"పొగాకే మావా. పచ్చిది గాదు. బాగా ఎండిన ఆకు."

ఆకు ఎండిందో లేదో ఆవిడకెలా తెలిసిందని సత్యరాజు అడగలేదు. గెలిచినవాడు ప్రశ్నలడగడు. కాబోయే సంఘ పెద్దలా గొంతు సవరించుకున్నాడు.

"సూసినావా? అనవసరంగా అనుమానపడినావు. తప్పు ఒప్పుకో."

"ఒప్పుకున్నాను. నువ్వు బంగారం."

అని లీలారాణి సీసా తీసి బొడ్లో దోపుకుంది.

"ఒసే, అది మగోళ్ల సెంటే! కావాలంటే నీకు మల్లెపూల సెంటు తెస్తాను."

"అందులో పొగాకు ఉండదు గదా మావా. మీ అమ్మ నేర్పిన అడ్డపొగని మరి నేనెలా దాసుకోవాలి?"